దేర్నా గొంతు, ఎర్మెతే గ్లౌజులు

మా వంటింటి గోడకి అవతల దేర్నా ఉంటుంది. ఆ గోడ మందం ఎంతో నాకు తెలియదు గానీ, దాంట్లోంచి ఏది వస్తుందో ఏది రాదో మాత్రం బాగా తెలుసు. గిన్నెల చప్పుడు రాదు. మాటలు సగం వస్తాయి, చెవి ఆనిస్తే ముప్పాతిక. పాట మాత్రం మొత్తం వస్తుంది. పొద్దున్నే ఆమె గొంతు సవరించుకుందంటే నేను పాలు పొయ్యి మీద పెడతాను. పెళ్ళయి ఈ కప్పల సందులోకి కాపురానికి వచ్చినప్పటి నుంచీ అంతే.

మా సాన్ గ్రాతో చిన్న ఊరే. పో నది గట్టెక్కి చూస్తే చర్చి గంటస్తంభం, థియేటర్ కప్పు తప్ప ఇంకేమీ కనబడవు. నవంబరు వచ్చి పొగమంచు దిగిందంటే అవీ కనబడవు. ఎవరైనా కొత్తవాళ్ళు సందులోంచి పోతూ ఆగిపోయి అడుగుతుంటారు, "ఎవరమ్మా ఆ పాడేది?" అని.

"మా దేర్నా. థియేటర్లో ఒపేరా గాయని."

"అలాగా? పోస్టర్ మీద పేరు చూసినట్టు లేదే!"

"చూడరు లెండి," అనేదాన్ని. ఎందుకు చూడరో చెప్పాలంటే వాళ్ళని లోపలికి పిలిచి కూర్చోబెట్టాలి. కొందరిని కూర్చోబెట్టాను కూడా.

దేర్నా బదులు గాయని. పోస్టర్ మీద పేరున్న ఆవిడకి ఏ జలుబో చేస్తే, ఆ వేషం కట్టి పాడటానికి సిద్ధంగా ఉండాల్సిన మనిషి. ప్రతి ఏడూ కొత్త ఒపేరాలు, కొత్త పాటలు, అన్నీ కంఠతా రావాలి. ఆట ఉన్న రోజు వంతెన దాటి పోకూడదు, పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలి. అన్నీ నేర్చుకునేది, ఉండాల్సినచోట ఉండేది. కానీ పిలుపు రాలేదు.

గాయని మారితే మా థియేటర్ వాళ్ళు ఒక పని చేస్తారు. పోస్టర్ మీద పాత పేరుకి అడ్డంగా తెల్లకాగితం పట్టీ అంటించి, దాని మీద కొత్త పేరు రాస్తారు. రొట్టె దుకాణం మా ఇంటి ఎదురుగానే ఉంది. అయినా నేను రొట్టెకి బయల్దేరితే చౌరస్తా చుట్టి, పట్టీ పడిందేమో చూసి వచ్చేదాన్ని.

"రొట్టె ఎదురుగా దొరుకుతుంటే ఇంతసేపు ఎక్కడికి పోయావే?" అనేవాడు మా ఆయన.

"వేడిది వచ్చేదాకా ఆగాను."

"చల్లగా ఉందే!"

"దారిలో చల్లారింది."

పట్టీ ఎందుకు పడలేదంటే, అక్కడే ఉంది తమాషా. పైఊళ్ళ నుంచి పాడటానికి వచ్చే పెద్ద గాయనులు బస చేసేది దేర్నా ఇంట్లోనే. మెట్ల పక్క గది వాళ్ళకి వదిలేసింది. వాళ్ళ మెడకి ఉన్ని గుడ్డ చుట్టేది, ఆవిరి పట్టించేది, ఆక్రోటుకాయలు గొంతు గీరతాయని కంచంలోంచి తీసిపారేసేది, కోడి రసంలో ఆనొలీని అనే మాంసం కూరిన పిండి ముద్దలు వేసి వేడివేడిగా తాగించేది. దేర్నా ఇంట్లో దిగిన గాయనికి జలుబన్నది చేయదని ఊరంతా పేరు. వాళ్ళకి జలుబు చేయకపోతే ఈమెకి పాట లేదు. తన నోటి ముందు కూడు తానే పక్క కంచంలోకి తోసేసేది.

కసాయి దుకాణం ఆవిడ, దిర్చే, ఊరుకునేది కాదు. "ఒక్క రాత్రి ఆ గది కిటికీ తెరిచి ఉంచవే దేర్నా! మిగతాది పొగమంచు చూసుకుంటుంది," అనేది.

"పరాయి పిల్లకి గొంతు పోతే వాళ్ళమ్మకి ఏం చెప్పను, నీ పేరు చెప్పనా?"

"నీ గొంతు సంగతి ఎవరికి చెప్తావే మరి?"

దేర్నా నవ్వేసి, ఎముకలు పొట్లం కట్టించుకుని వెళ్ళిపోయేది. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. నవ్వే మనిషి కళ్ళెత్తి చూడాలి కదా! ఆమె తూకపు పళ్ళెం వంక చూసి నవ్వేది.

ఆలోచించగా ఇంకోటి పట్టుకున్నాను. దేర్నా అసలు పాడదని కాదు. పై గ్యాలరీలో చెక్క బల్లల మీద కూర్చుని ఎన్ని ఒపేరాలు చూశానో లెక్కలేదు. ఆకాశం నుంచి దేవత పలికిందనుకోండి, ఆ గొంతు దేర్నాది. కొండవతల గొర్రెలు కాసే పిల్ల పాట వినబడిందా, దేర్నాది. మఠంలోంచి సన్యాసిని ప్రార్థన, దేర్నాది. తెర వెనకాల నుంచి వచ్చే గొంతులన్నీ ఆమెవే. బృందగానంలో నిలబడాల్సి వస్తే చిట్టచివరి వరుస, స్తంభం పక్కన. మా అమ్మ అంత్యక్రియల్లో పాడింది, చర్చిలో వెనకవైపు మేడ మీద ఆర్గన్ చాటు నుంచి. ఊరందరికీ ఆమె గొంతు తెలుసు. పాడుతున్నప్పుడు ఆమె ముఖం ఎలా ఉంటుందో అంటారా, మా వయసువాళ్ళం ఒకే ఒక్కసారి చూశాం.

యుద్ధం అయిపోయిన కొత్తలో మాట అది. దేర్నాకి ఇరవై దాటిందంతే. చర్చి ఆర్గన్ మాస్టారి దగ్గర నేర్చుకుని, పట్నంలో పరీక్ష పాసై వచ్చింది. మా థియేటర్ వాళ్ళు మూడో అంకంలో ప్రార్థన పాట ఉన్న వేషం ఇచ్చారు. సందు సందంతా గ్యాలరీలోనే ఉంది. వాళ్ళ నాన్న ఎర్మెతే ఎప్పటిలాగే మొదటి బల్ల మీద, కటకటాల మూల.

ఎర్మెతే గురించి చెప్పాలి. పంది తొడలకి ఉప్పు రుద్ది నిలవపెట్టే కొట్లో పని. ఏళ్ళ తరబడి ఉప్పు రుద్ది రుద్ది ఆయన చేతులు ఎండిన చెరువు నేలలా పగిలిపోయాయి. గాలి తగిలితే మంట. అందుకే వసంతంలో కూడా ఉన్ని గ్లౌజులు వేసుకుని తిరిగేవాడు. ఒపేరా అంటే చెవి కోసుకుంటాడు. కానీ ఆయన ఎవరినైనా మెచ్చుకోవడం ఎవరూ చూడలేదు. నచ్చితే ఊరుకుంటాడు, నచ్చకపోతే ఈల వేస్తాడు. వేరే ఊళ్ళలో ఈల దేనికి వేస్తారో నాకు తెలియదు, మా థియేటర్లో ఈలంటే చెప్పు విసిరినట్టే. కింద వెల్వెట్టు కుర్చీల వాళ్ళు ఎంత చప్పట్లు కొట్టినా, పైనుంచి ఎర్మెతే ఈల పడిందంటే చాలామంది గాయకులు మర్నాటి పొద్దుటి రైలుకి ఊరు దాటేవాళ్ళే.

ఆ ప్రార్థన పాటలో ఒక పొడుగాటి చరణం ఉంటుంది. మొదలుపెడితే మధ్యలో తెగకుండా ఒక్క ఊపిరిలో పాడాలి. అక్కడికొచ్చేసరికి గ్యాలరీలో మేమందరం కూడా ఊపిరి బిగబడతాం. దేర్నా మొదలుపెట్టింది. వెన్నలా సాగింది. సాగి సాగి, ఇంకో నాలుగు స్వరాలు ఉన్నాయనగా గొంతు తెగింది. గుటుక్కున గాలి పీల్చుకుని మళ్ళీ అందుకుంది.

పాట అయ్యాక థియేటర్లో చడీచప్పుడు లేదు. అప్పుడు ఈల వినబడింది, ఒక్కటే. అందరం తిరిగి చూశాం. ఎర్మెతే రెండు వేళ్ళు నోట్లోంచి తీసి, కోటుకి తుడుచుకుంటున్నాడు.

ఆ రోజు ఇంటికొచ్చి నేను గోడ దగ్గర నుంచి కదల్లేదు. అరుపులు వస్తాయేమోనని చూశాను. ఏడుపైనా వస్తుందనుకున్నాను. చెంచాల చప్పుడు రాదు కదా, అంతా నిశ్శబ్దం. చివరికి ఎర్మెతే గొంతు వచ్చింది: "రసం బాగుంది."

పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి రసం బాగుందని అన్నది లేదు. ఉప్పు తక్కువనో, కొవ్వు ఎక్కువనో, ముద్దలు ఉడకలేదనో వంక పెట్టకుండా చెంచా దించేవాడు కాదు. ఆ మాట వినేసరికి నేనే గోడ మీంచి చెవి తీసేశాను. దేర్నాకి ఎలా ఉందో!

మర్నాడు ఆమె ఆ వేషం వేయనంది. ఎవరో పట్నం నుంచి వచ్చి వేశారు. ఆ తర్వాత సైకిళ్ళ కొట్టు లెయార్కోని పెళ్ళి చేసుకుంది. మంచివాడు, ఇల్లరికం వచ్చి మామగారితో ఒక్క మాట పడకుండా బతికి, తొందరగా పోయాడు. తండ్రీ కూతుళ్ళు మాత్రం ఒకే కప్పు కింద, ఒకే బల్ల దగ్గర భోంచేస్తూ, ఆ ఈల ఊసెత్తకుండా ముసలివాళ్ళయ్యారు. ఆయన ప్రతి ఆటకీ గ్యాలరీకి వెళ్ళేవాడు. ఆమె తెర వెనకాల పాడేది. ఇంటికొచ్చాక ఆయన "రసం బాగుంది" అనేవాడు.

ఇంతవరకూ ఊరందరికీ తెలిసిందే. నన్ను తొలిచేసింది వేరే.

ఎర్మెతే గ్లౌజుల సంగతి చెప్పాను కదా. మా గ్యాలరీలో పొయ్యి లేదు. జనవరిలో నోట్లోంచి ఆవిరి వస్తుంది. మేమందరం దుప్పట్లు కప్పుకుని కూర్చుంటే, ఈయన బల్ల మీద కూర్చోగానే గ్లౌజులు తీసి టోపీలో పెట్టేవాడు. పగిలిన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, చలికి వణుకుతూ ఆట ఆసాంతం చూసేవాడు. తెర పడ్డాక మళ్ళీ తొడుక్కునేవాడు. చప్పట్లు కొట్టే మనిషి కాదు. ఈలకైతే రెండు వేళ్ళు చాలు, ఒక గ్లౌజు తీస్తే సరిపోతుంది. మరి రెండూ ఎందుకు తీస్తాడు?

ఏళ్ళ తరబడి అడిగాను. ఒకసారి "చేతులకి గాలి తగలాలి" అన్నాడు. ఇంకోసారి "నీ చెవులకి తొడుక్కుంటావని దాస్తున్నా" అన్నాడు. మరోసారి "ముందు నీ ఇంట్లో మాడుతున్న గిన్నె చూసుకో పో పిల్లా" అన్నాడు. నేనప్పటికే అమ్మమ్మని. ఆయనకింకా పిల్లనే.

ఇప్పుడు చెప్పబోయే ఏడుతో దేర్నా థియేటర్ ఉద్యోగం అయిపోతుంది. పెన్షన్ వయసు వచ్చేసింది. ఆఖరి ఒపేరా ఏది పెట్టారనుకున్నారు? ఆ ప్రార్థన పాట ఉన్నదే. పాడేది నేపుల్స్ నుంచి వచ్చిన నున్జియాతా అనే పిల్ల. బంగారంలాంటి పిల్ల, దేర్నా ఇంట్లోనే బస. "దొన్నా దేర్నా, దొన్నా దేర్నా" అంటూ వాళ్ళ వైపు మర్యాదలో పిలుస్తూ కొంగు పట్టుకు తిరిగేది. ఆఖరి ఆట ఆదివారం మధ్యాహ్నం. శనివారం ఆ పిల్ల ఏం చేసిందీ, పొగమంచు అంటే ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తానని తలకి గుడ్డయినా లేకుండా నది గట్టుకి పోయింది. వాళ్ళ ఊళ్ళో ఉండదట! చూసింది. తిరిగొచ్చేసరికి గొంతు ఆకురాయితో గీసినట్టయింది.

ఆదివారం పొద్దున గోడ అవతల పాట లేదు. నా పాలు పొయ్యెక్కలేదు. ఇక ఆగలేక, రెండు నెలల కిందట తెచ్చిన జల్లెడ తిరిగిచ్చే వంకతో పక్కింట్లోకి దూరాను. వంటిల్లంతా కర్పూరం వాసన, ఆవిరి. నున్జియాతా తల మీద తువ్వాలు కప్పుకుని గిన్నె మీదకి వంగి ఉంది. దేర్నా ఆ పిల్ల వీపు రుద్దుతోంది.

"మాట్లాడకు," అంటోంది. "నోరు తెరవకు. ముక్కుతో పీల్చు, ముక్కుతో."

అప్పుడే థియేటర్ మేనేజరు వచ్చాడు. పిల్లని ఒక్క స్వరం పాడమన్నాడు. కప్ప కూడా అంతకంటే బాగా అరుస్తుంది. ఆయన దేర్నా వైపు తిరిగాడు.

"ఇంకేముంది దేర్నా, పట్టీ రాయించేస్తాను. నీ పేరే."

నాకు జల్లెడ చేతిలోంచి జారినంత పనైంది. ఎన్నేళ్ళు తిరిగాను ఆ పట్టీ కోసం! దేర్నా ముఖం మాత్రం పిండి చల్లినట్టు తెల్లబోయింది.

"వద్దు," అంది.

"వద్దంటే? ఇంకెవరున్నారు?"

"అమ్మాయి వేషం కట్టి నిలబడి పెదాలు కదుపుతుంది. నేను పక్క తెర చాటు నుంచి పాడతాను. అలా చేస్తారు కదా, చాలాచోట్ల చేశారు."

"చేశారు. కానీ నువ్వు నిక్షేపంగా ఉన్నావు, పాట వచ్చు, వేషం వచ్చు, నీకేం ఖర్మ?"

"పట్టీ వద్దు. పేరు వద్దు. అయితే ఇలా, లేకపోతే లేదు."

ఆయనకి గత్యంతరం లేదు. తల కొట్టుకుంటూ పోయాడు. నేను జల్లెడ అక్కడ పెట్టి, "దేర్నా" అన్నాను. "నువ్వేం మాట్లాడకు అఫ్రా" అంది. సరే, అక్కడ మాట్లాడలేదు. తిన్నగా బార్‌కి వెళ్ళాను.

ఆదివారం పొద్దుటి పూట ఎర్మెతే అక్కడే ఉంటాడు. మా వైపు మగాళ్ళు తాగే తెల్ల గిన్నెలో ఎర్ర వైను పోయించుకుని కూర్చున్నాడు. ఎనభై దాటిన మనిషి, వేళ్ళు కొక్కేల్లా వంకర్లు పోయాయి. గిన్నె అయితే రెండు చేతులా పట్టుకోవచ్చు. నేను ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"పెద్దాయనా, మీ అమ్మాయి ఈ వేళ పాడుతోంది. ప్రార్థన పాట."

గిన్నె కింద పెట్టాడు. "పట్టీ వేశారా?"

"వద్దంది. తెర చాటు నుంచి పాడుతుందట. నీ మొహం చూడలేక. ఈ వేళ నువ్వు నాకు చెప్పి తీరాలి. చలిలో రెండు గ్లౌజులూ ఎందుకు తీస్తావు?"

"గిన్నె మాడుతుందేమో చూసుకో."

"పొయ్యి మీద ఏమీ పెట్టకుండా వచ్చాను. చెప్పు."

గిన్నెని పక్కకి జరిపాడు. "గ్లౌజులుంటే చప్పట్లు వినబడవు," అన్నాడు.

"నువ్వు చప్పట్లు కొట్టవు కదయ్యా!"

"ఎవరికి కొట్టాలో వాళ్ళు రాలేదు." మూతి తుడుచుకున్నాడు. "ఆ రోజు నువ్వూ ఉన్నావుగా. పిల్ల మధ్యలో ఊపిరి తీసింది. వేరేవాళ్ళైతే గ్యాలరీ పీకి పందిరేసేది. అందరూ నోరు మూసుకుని నా వీపు చూశారు. ఉప్పు కొట్టు ఎర్మెతే కూతురు, పోనీలే పాపం అనుకున్నారు. నా కూతురికి జాలి పెడతారా? అందుకని నేనే వేశాను."

"వేశావు సరే. తర్వాత?"

"తర్వాతేముంది! ఈల పడ్డవాళ్ళలో పిరికివాళ్ళు రైలెక్కుతారు, పౌరుషమున్నవాళ్ళు మర్నాడు పంతం పట్టి వచ్చి పాడతారు. నీ చిన్నప్పటి నుంచీ చూడలేదూ? మర్నాడు వస్తుంది, సరిగ్గా పాడుతుంది, అందరికంటే ముందు నేనే కొడదామని గ్లౌజులు తీసి కూర్చున్నాను. ఈల వేసినవాడు చప్పట్లు కొడితే దానికి విలువ. అది రాలేదు. ఆ మర్నాడు రాలేదు. మరుసటి ఏడు కూడా రాలేదు."

"ఇన్నేళ్ళు పక్క పక్కన కూర్చుని రసం తాగారు కదయ్యా, ఈ ముక్క నోటితో చెప్పొచ్చుగా!"

"చెప్పేదేముంది? బోసి చేతులతో కూర్చున్నాను. స్టేజీ మీంచి కనబడవా?"

నాకు నవ్వాలో ఆయన్ని ఆ గిన్నెతో కొట్టాలో తెలియలేదు. లేచి మళ్ళీ కప్పల సందుకి నడిచాను. నడిచానని రాస్తున్నాను గానీ, దాన్ని నడక అనరు.

దేర్నా థియేటర్‌కి బయల్దేరుతోంది. నున్జియాతా మెడకి ఇంకో చుట్టు చుడుతోంది.

"ఒక్క మాట అడుగుతాను, తర్వాత తిట్టు," అన్నాను. "మీ నాన్న గ్యాలరీలో గ్లౌజులు తీస్తాడు, ఎందుకో తెలుసా నీకు?"

"తెలియకేం?" అంది అటు తిరిగే. "ఈలకి. బృందంలో చివరి వరుసలో నిలబడ్డా కనబడతాడు. తెర లేవగానే చేతులు ఖాళీ చేసుకుని కూర్చుంటాడు, ఎప్పుడు తప్పుతానా అని."

"రెండు వేళ్ళకి రెండు గ్లౌజులు తీయాలటే?"

దేర్నా చేతులు ఆగాయి. అప్పుడు చెప్పాను, బార్‌లో విన్నది విన్నట్టు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన అనేవాడు. ఆ రోజు నానకపోవడమే మంచిదైంది. పూర్తిగా వింది. పిల్ల మెడ చుట్టూ ఉన్ని గుడ్డ ముడి వేసింది. విప్పి, మళ్ళీ వేసింది.

"ఎంత మొండి గాడిద," అంది చివరికి.

"ఆయనా?"

"ఇద్దరం." కోటు తగిలించుకుని పిల్లని చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

గ్యాలరీలో నేను ఎర్మెతే వెనక బల్ల మీద కూర్చున్నాను. పక్కన దిర్చే, ఒళ్ళో కాగితం పొట్లంలో సలామీ రొట్టె. మేనేజరు తెర ముందుకొచ్చి, నున్జియాతా గారికి జలుబు చేసిందనీ, నటన ఆవిడదనీ, పాట తెర వెనకనుంచి వస్తుందనీ చెప్పాడు. ఎవరి పాటో చెప్పలేదు. చెప్పాల్సిన పని ఉందా? మొదటి అంకంలో మొదటి స్వరం వచ్చేసరికి మా సందువాళ్ళందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పొద్దున్నే గోడల్లోంచి వచ్చే గొంతు. దిర్చే రొట్టె కొరకడం మానేసింది.

"పాలు పెట్టే వేళయిందే అఫ్రా," అని గుసగుసలాడింది.

రెండు అంకాలు అలా గడిచాయి. కింద బంగారు అంచు గౌనులో నున్జియాతా పెదాలు కదుపుతోంది, దేర్నా గొంతు ఎడమవైపు తెర చాటు నుంచి వస్తోంది. ఎర్మెతే టోపీలో గ్లౌజులు. ఒళ్ళో చేతులు. వెనక నుంచి ఆయన చెవులు మాత్రమే కనబడుతున్నాయి, ఎర్రగా.

మూడో అంకం. జైలు గది, ఒక లాంతరు, గడ్డి మీద మోకాళ్ళ మీద నున్జియాతా. వాద్యాలు మొదలయ్యాయి. ప్రార్థన మొదటి మాట వచ్చింది. గొంతు ఏదో వేరేగా వినబడింది, దగ్గరగా, పెద్దగా. చూద్దును కదా, దేర్నా తెర దాటి వస్తోంది. వేషం లేదు, రంగు లేదు. ఇంట్లో వేసుకునే బూడిద రంగు స్వెటరు, జేబు దగ్గర కర్పూరం మరక, కాళ్ళకి ఇంటి చెప్పులు. పాడుకుంటూనే వచ్చి లాంతరు పక్కన నిలబడింది. నున్జియాతా తలెత్తి చూసి, పెదాలు కదపడం మర్చిపోయింది.

దేర్నా ఎటో శూన్యంలోకి చూడలేదు. తిన్నగా పైకి, కటకటాల మూలకి చూసి పాడింది.

ముసలి గొంతే. పై స్వరాల్లో చిన్న బొంగురు. కానీ ఏం చెప్పను, మూడిళ్ళ అవతల పిల్ల ఏడిస్తే తల్లికి తెలిసినట్టు, ఆ పాట ఎవరిని పిలుస్తోందో గ్యాలరీ అంతటికీ తెలిసింది. ఆ పొడుగాటి చరణం వచ్చింది. అందరం ఊపిరి బిగబట్టాం. సాగింది, సాగింది, అప్పట్లో తెగిన చోటికి వచ్చింది, సరిగ్గా అక్కడ నున్జియాతాకి దగ్గు తెర వచ్చింది! గౌను చేతుల్లో మొహం దాచుకుని ఖళ్ళు ఖళ్ళుమని దగ్గింది. దగ్గు ఆగేసరికి దేర్నా గొంతు చరణం చివర, గట్టు మీద పడవలా హాయిగా ఆగి ఉంది.

ఊపిరి తీసిందా, తీయలేదా? ఎవరికీ తెలియలేదు.

పాట అయింది. మళ్ళీ అదే నిశ్శబ్దం. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కింద వెల్వెట్టు కుర్చీల వాళ్ళు కూడా తలలెత్తి పైకి చూస్తున్నారు. ఎర్మెతే చేతులెత్తాడు. దిర్చే నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ వంకర వేళ్ళు నోటిదాకా వెళ్తాయేమోనని ఒక్క క్షణం నాకూ భయమేసింది. వెళ్ళలేదు. ఒక అరచేతికి ఇంకో అరచెయ్యి తగిలింది. ఎండు రొట్టె విరిచినంత చప్పుడు. మళ్ళీ ఇంకోసారి. మూడోది నాకు వినబడలేదు, అప్పటికే కప్పు ఎగిరిపోయేలా అందరూ కొడుతున్నారు.

గోల కాస్త తగ్గాక ఆయన కటకటాల మీదకి వంగి అరిచాడు. "దేర్నా! చివరి స్వరం కొంచెం కిందికి జారింది!"

థియేటర్ మొత్తం బిగుసుకుపోయింది. దేర్నా నడుము మీద చేతులు పెట్టుకుంది.

"అయితే కిందికి దిగొచ్చి నువ్వు పాడు నాన్నా!"

ఆ నవ్వులకి వాద్యాలు నడిపించే మాయెస్త్రో చేతిలో కర్ర కింద పెట్టి, జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. మిగతా ఒపేరా దేర్నా అక్కడే, స్వెటర్లోనే, లాంతరు పక్కన నిలబడి పాడింది. పిల్ల కూడా సిగ్గు విడిచి ఆమె భుజం మీద తల పెట్టుకుని చచ్చిపోయింది. కథ ప్రకారం ఒంటరిగా చావాలి గానీ, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఇంటికొచ్చి నేను కోటు కూడా విప్పకుండా గోడకి చెవి ఆనించాను. మాటలు ముప్పాతిక వచ్చాయి.

"రసంలో ఉప్పు తక్కువైంది," అన్నాడు ఎర్మెతే.

"ఉప్పు రుద్దే చేతులే కదా నీవి, వేసుకో," అంది దేర్నా.

"ముద్దలు కూడా..."

"తింటావా తీసేయనా?"

అంతా సజావుగా ఉందని గోడ వదిలేశాను.

ఇక మిగిలింది ఆ ఊపిరి సంగతే. ఊరు రెండుగా చీలింది. తీయలేదని కసాయి దుకాణం వాళ్ళు, తీసిందని రొట్టె దుకాణం వాళ్ళు. చప్పట్లు న్యాయంగా పడ్డాయో లేదో తేలాలి కదా! ఎర్మెతేని బార్‌లోనే పట్టుకుని అడిగాను. ఆయన చెవికి తెలియకుండా పోదు.

"చెప్పు పెద్దాయనా. ఒక్క ఊపిరేనా?"

"ఏమో!"

"ఏమో ఏంటి? ఈ ఊళ్ళో ప్రతి గాయనీ ఎన్నిసార్లు ఊపిరి తీసిందో నీకు తెలుసు."

"ఈసారి చూడటం మర్చిపోయాను, పో," అని విసుక్కుని గిన్నెలోకి మొహం పెట్టాడు. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి.

దేర్నాని అడిగాను. "నున్జియాతాని అడుగు, దగ్గింది తనేగా" అంది. నున్జియాతా అప్పటికే నేపుల్స్ వెళ్ళిపోయింది.

దేర్నాకి ఇప్పుడు థియేటర్ లేదు, పెన్షన్ వస్తోంది. పాట మాత్రం మానలేదు. కిటికీ తెరిచి మరీ పాడుతోంది. మొన్న పొద్దున ఆ ప్రార్థనే అందుకుంది. ఇంతకంటే మంచి అదను దొరకదని పొయ్యి దగ్గర నిలబడి కళ్ళు మూసుకున్నాను, చెవి గోడ మీద పెట్టాను. నేనూ ఊపిరి బిగబట్టాను. ఆ పొడుగాటి చరణం మొదలైంది, సాగింది, ఆ చోటికి వస్తోంది, వచ్చేస్తోంది...

పాలు పొంగి బుస్సుమని పొయ్యి మీద పడ్డాయి. గిన్నె దించి, చెయ్యి కాల్చుకుని, మళ్ళీ చెవి పెట్టేసరికి చరణం అయిపోయింది.